చెరువు యాప్ తరఫున ఎవరు మాట్లాడాలి

మా అన్నయ్యకి ఆకివీడు దగ్గర చేపల చెరువుంది. ఏ రోజు ఎంత మేత వేశాడో, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించాడో ఆయనకెప్పుడూ గుర్తుండదు. ఆయన కోసం మొదలుపెట్టిందే మా చెరువు యాప్. నేను తాడేపల్లిగూడెంలో ఓ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. వేసవి సెలవుల్లో కూర్చుని తెలుగులో చిన్న యాప్ రాసి, దాని కోడ్ మొత్తం నెట్‌లో తెరిచి పెట్టాను. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు.

ఎవరొస్తార్లే అనుకున్నాను. వచ్చారు. ముందు ఏలూరు నుంచి ఒక ఇంజనీరు. "ఇక్కడ తప్పుందండీ" అని ఒక్క ముక్క రాసి, ఆ తప్పు తనే దిద్ది పంపించాడు. ఏడాది తిరిగేసరికి యాప్‌లో సగానికి పైగా అతను రాసిందే. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడు. మెసేజ్ పెడితే క్షణంలో జవాబు. తర్వాత అత్తిలి నుంచి రిటైరైన తెలుగు టీచరుగారు. "మేత పరిమాణమును నమోదు చేయుము" అని నేను రాసింది చూసి ఆవిడ నవ్వారు. "చెరువు గట్టు మీద ఎవరమ్మా ఇలా మాట్లాడేది? 'ఇవాళ మేత ఎంత వేశారండీ?' అని అడిగించు" అన్నారు. అప్పట్నుంచీ మా యాప్‌కి మర్యాద వచ్చింది.

మూడో మనిషి ఆకివీడులో చేపల మేత కొట్టు పెట్టుకున్నాయన. కోడ్ రాదు గానీ నోరుంది. కొట్టుకొచ్చిన ప్రతి రైతు ఫోన్లోనూ దగ్గరుండి యాప్ ఎక్కించేవారు. మా వాట్సాప్ గ్రూపులో వాలంటీర్లు అంతమంది చేరారంటే ఆయన చలవే.

అలా సాగుతుండగా, చెరువుల రైతుల మీటింగులో ఆయన చేతికి మైకు దొరికింది.

మర్నాడు పొద్దున్నే నాకు ఎవరో రైతు ఫోన్ చేశారు. "ఏవండీ, ఫోన్‌ని నీళ్ళలో ఎంతసేపు ఉంచాలండీ?"

నాకేం అర్థం కాలేదు. "నీళ్ళలో ఎందుకండీ?"

"చేపలకి జబ్బుంటే మీ యాప్ పసిగట్టి చెప్పేస్తుందట కదండీ. కవర్లో పెట్టి, కర్రకి కట్టి ముంచాను. ఏం చెప్పట్లేదు."

"ముందు బయటికి తియ్యండి బాబూ! మరి ఇప్పుడు దేన్నుంచి మాట్లాడుతున్నారు?"

"ఇది మా ఆవిడ ఫోనండి."

అదృష్టం బాగుండి కవర్లోకి నీళ్ళు పోలేదు. గ్రూపులో మాత్రం నిప్పంటుకుంది. "నేను రాయనిదాన్ని ఉందని చెప్తే ఎలాగండీ? ఇక నేను మానేస్తాను" అని ఇంజనీరు పెట్టాడు. "నేను చెప్పకపోతే మీ యాప్ సంగతి ఎవరికి తెలుసండీ?" అని మేత కొట్టాయన. ఇద్దరి మాటా నిజమే. ఇక మీద యాప్ తరఫున ఎవరు మాట్లాడాలో తేల్చుకుందామని ఆదివారం టిఫినుకి ముగ్గుర్నీ మా ఇంటికి రమ్మన్నాను.

ఇంజనీరుని ఎదురుగా చూడటం అదే మొదటిసారి. పెసరట్టు ప్లేటు మీంచి తల ఎత్తలేదు. "ఎక్కువ రాసింది నువ్వే కదా, నువ్వే మాట్లాడాలి" అన్నాను. "చంపినా మైకు పట్టుకోనండీ" అన్నాడు. అయితే మొదలుపెట్టింది మీరు కదా, మీరే మాట్లాడండన్నారు మిగతావాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశగానే ఉంది.

అంతలో ఫోన్ మోగింది. అందరూ వింటారని స్పీకర్లో పెట్టాను. పెంటపాడు నుంచి ఒకాయన. మీ యాప్ మా వరికి పనికొస్తుందా అని అడిగారు.

"ఎందుకు పనికిరాదండీ..." అంటూ మేత కొట్టాయన ముందుకి వంగారు. నేను ఆయన్ని ఆపి, అసలు యాప్ ఎలా తయారైందో, వరికీ చేపలకీ లెక్క ఎందుకు వేరో పాఠం అందుకున్నాను. ఓపిగ్గా విని, "అయితే వస్తుందా రాదా అండీ?" అన్నారు పెంటపాడాయన.

టీచరుగారు ఫోన్ దగ్గరికి జరిగారు. "రాదండీ. ఇది చేపల చెరువులకే. వరికి చెయ్యాలంటే చేసేవాళ్ళు కావాలి. మీకు తెలిసినవాళ్ళలో కంప్యూటర్ చదివినవాళ్ళున్నారా?"

"మా అమ్మాయి చదువుతోందండీ."

"అయితే అమ్మాయి చేత ఫోన్ చేయించండి. మావాళ్ళు దారి చూపిస్తారు."

ఆయన సంతోషంగా పెట్టేశారు. ఇంజనీరు తలెత్తి, "టీచరుగారే" అన్నాడు.

"నాకు కోడ్ ఒక్క ముక్క రాదయ్యా!"

"రాదు కాబట్టే మీరు మమ్మల్ని అడిగి చెప్తారండీ."

మేత కొట్టాయన ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది. ఆయన లేకపోతే మేం ముగ్గురం ఒకళ్ళు రాసింది ఒకళ్ళం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. టీచరుగారే ఆయన వైపు తిరిగారు. "నేను మాట్లాడటానికి మనుషులుండాలి కదండీ. వాళ్ళని తెచ్చేది మీరే. వచ్చినవాళ్ళకి ఏ పని నప్పుతుందో చూసి పెట్టేదీ మీరే. కొట్టు నడిపిన చెయ్యి, మీకు తెలీదా?"

"అంటే మైకు లేదన్నమాట."

"పెళ్ళిళ్ళలో పట్టుకోండి, ఎవరొద్దన్నారు?"

అందరం నవ్వేశాం. ఆయనా నవ్వి, "ఇంకో అట్టు వేయించండమ్మా, ఆలోచిస్తాను" అన్నారు నాతో. అట్టు తినడం పూర్తయ్యేలోపే ఒప్పుకున్నారు.

ఆ పని ఆయన ఎంత బాగా చేశారంటే, నాకే ఆశ్చర్యం. గ్రూపులో పేరుకే ఉన్నవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేసి, "మీకేం చెయ్యడం ఇష్టమండీ?" అని అడిగారు. అంతవరకూ ఎవర్నీ ఎవరూ అడగలేదు. పెంటపాడు అమ్మాయిని తీసుకెళ్ళి ఇంజనీరుకి అప్పగించిందీ ఆయనే.

ఈ మధ్య ఏలూరులో రైతుల సభకి మమ్మల్ని పిలిచారు. నేత చీర కట్టుకుని టీచరుగారు స్టేజీ మీద నిలబడ్డారు. యాప్ జబ్బులు చెప్తుందా అని ఎవరో అడిగారు. "చెప్పదండీ. చెప్తుందని మావాళ్ళొకరు పొరపాటున అన్నారు" అని ఆవిడ అంటుండగానే, "ఆ అన్నది నేనేనండీ!" అంటూ ముందు వరసలోంచి మేత కొట్టాయన లేచారు. హాలంతా నవ్వులు.

మబ్బు పట్టిన రోజు చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది కదా, ముందే హెచ్చరించేది ఎప్పుడొస్తుందని ఇంకొకాయన అడిగారు. టీచరుగారు వెనక వరస వైపు చూశారు. ఇంజనీరు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది నేను చేస్తున్నానండీ. ఇంకా సరిగా రావట్లేదు. వచ్చాక టీచరుగారు చెప్తారు" అని కూర్చున్నాడు. ముందుగా చప్పట్లు కొట్టింది మేత కొట్టాయనే.

సభ అయ్యాక ఆయన్ని ఆకివీడు బస్సెక్కించడానికి వెళ్ళాం. బస్సు కదిలేలోపే పక్క సీటాయన భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. "ఏం చెప్తున్నారో మరి" అన్నారు టీచరుగారు. కిటికీ దగ్గరికెళ్ళి వింటే, ఆ పక్కాయనకి ఫొటోలు తియ్యడం వచ్చా అని అడుగుతున్నారు.