పదకొండో ఆజ్ఞ పెదనాన్న

ఇతరులకు తెల్లచొక్కా మీద సిరా మరక కనిపించినట్టు, మా పెదనాన్నకు ఏ పనిలోనైనా పాపం కనిపించేది. దేవుడు పది ఆజ్ఞలతో సరిపెట్టుకున్నా, మా సంఘానికి మాత్రం అదనంగా ఈయన్ను ఇచ్చాడని పాస్టరుగారే ఒకసారి నవ్వుతూ అన్నారు. అప్పటి నుంచి ఆయన పేరు పదకొండో ఆజ్ఞ.

వృత్తిరీత్యా దర్జీ. "మోచేతి దాకా చాలు" అని పొరుగింటి పిన్ని కొలతలిస్తే, గౌను చేతులు మణికట్టు దాటి వేళ్ల మీదికి వచ్చేవి.

"ఇదేంటి అన్నయ్యగారూ, ఇంత పొడుగు?"

"గుడ్డ మిగిలిందమ్మా. పారేస్తే దుబారా. దుబారా పాపం."

"నాకిచ్చేస్తే దిండు గలీబు కుట్టుకునేదాన్ని కదా!"

"దిండు బద్ధకం నేర్పుతుంది. బద్ధకం..."

మిగతాది వినకుండానే పిన్ని గౌను లాక్కుని వెళ్లిపోయింది.

ఆదివారం పని చేయకూడదన్నది ఆయనకు అన్ని రూళ్లలోకీ ముద్దు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఆయన పంట్లాం గుండీ టప్పున ఊడి, దొర్లుకుంటూ పాస్టరుగారి కాళ్ల దగ్గర ఆగింది. అందరూ లేచి పాట పాడాలి. పెద్దమ్మ పర్సులోంచి పిన్నీసు తీసింది.

"పెట్టుకోండి."

"కుట్టడం పని. పిన్నీసు పెట్టడం కుట్టడం కిందికి వస్తుందో రాదో ఇంకా తేల్చలేదు."

"మీరు తేల్చేలోగా పంట్లాం జారిపోతుంది!"

"రెండు చేతులతో పట్టుకుంటాలే."

"అంత గట్టిగా పట్టుకోవడం పని కాదా మరి?"

పెదనాన్న నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచనలో చేతులు వదిలేశాడు. వెనక బల్ల మీదున్న మాకు ఆ పాట నవ్వకుండా పాడటం ఇప్పటికీ చేతకాదు.

ఇలాంటి మనిషి దుకాణానికి ఒకరోజు మా సంఘంలోనే పుట్టి పెరిగి, ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సమ్మ తెల్లగుడ్డ తెచ్చింది. మొగుడు ఇంకొకామెతో వెళ్లిపోయి, విడాకులై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు స్కూలు బస్సు డ్రైవరు ఆమెను చేసుకుంటానన్నాడు. మంచివాడు, విశ్వాసి. చిక్కల్లా మా సంఘం రూలుతోనే. విడాకులు తీసుకున్నవాళ్లకు మందిరంలో పెళ్లి చేయకూడదు. ఆ రూలు రాసింది సాక్షాత్తూ మా పెదనాన్న.

"రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటాం. గౌను మాత్రం మీరే కుట్టాలి" అంది నర్సమ్మ తల దించుకుని.

"ఆఫీసుకు ఇంత మంచి గౌనెందుకు?" అన్నాడు పెదనాన్న.

ఆమె గుడ్డ అక్కడే వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. పెద్దమ్మ ఆయనతో మాటలు మానేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఈ విషయమే తేల్చడానికి కూర్చున్నారు. జనం ఒక్కరూ ఇంటికి కదల్లేదు. ఈ పెళ్లి మందిరంలోనే జరిపించాలని ఉందని పాస్టరుగారు గొణిగారు. పెద్దలందరికీ పెద్ద అయిన రిటైర్డ్ హెడ్మాస్టరు బల్ల గుద్దాడు.

"రూలు రూలే!"

"కాలం మారిందండీ!" అన్నారు వెనక నుంచి కుర్రకారు.

"కాలం మారితే మారనీ, రూలు మారదు!"

పెదనాన్న లేచాడు. ఇక అంతే అనుకుని నర్సమ్మ బ్యాగు భుజాన వేసుకుంది.

"మారనక్కర్లేదు" అన్నాడు పెదనాన్న. "చేయకూడనిది మందిరంలో కదా? పిల్లలు వరండాలో బంతాట ఆడారని గొడవైనప్పుడు, వరండా మందిరం కిందికి రాదని తేల్చింది ఎవరండీ?"

"నేనే" అన్నాడు హెడ్మాస్టరు నీరసంగా.

"అయితే పెళ్లి వరండాలో."

"ఏమయ్యా, ఆ రూలు రాసింది నువ్వేగా!"

"నేనే కాబట్టి, దానికి తలుపెక్కడ పెట్టానో నాకు తెలుసు."

జనం గొల్లున నవ్వారు. దాంతో ఒక్కొక్కరికీ నోరు పెగిలింది.

"ఆడవాళ్లు జుట్టు కత్తిరించకూడదంటూ నా మీద పడ్డారు గుర్తుందా? జ్వరంలో కత్తెర పట్టింది డాక్టరు, తప్పు ఆమెది కాదని నన్ను గట్టెక్కించింది ఈయనే" అంది పాస్టరమ్మ.

"మావాడు సినిమాకెళ్లి దొరికిపోతే, హాల్లో నిద్రపోయాడు కాబట్టి చూసినట్టు కాదన్నదీ ఈయనే" అంది హెడ్మాస్టరు భార్య. హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

పెద్దమ్మ కూడా మౌనవ్రతం మానింది. "ఏ రూలైనా ఈయనే ఎగబడి ఎందుకు రాస్తారనుకున్నారు? మీరెవరైనా రాస్తే గాలి కూడా దూరదని భయం. ఈయనైతే ఎక్కడో ఒక సందు వదుల్తారు."

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. "మొగుడి గుట్టు రచ్చకెక్కించడం పాపం" అని గొణిగి, సంచిలోంచి తెల్లగౌను తీసి నర్సమ్మ చేతిలో పెట్టాడు. "ఆఫీసుకైతే ఎక్కువ గానీ, వరండాకు సరిపోతుందమ్మా."

పెళ్లిరోజు పాస్టరుగారు ప్రమాణాలు మొదలుపెట్టగానే వాన అందుకుంది. జల్లు వరండాలోకి కొట్టింది. పెదనాన్న పరుగెత్తుకెళ్లి గొడుగు పట్టాడు. గాలికి అది తిరగబడింది. హెడ్మాస్టరు ఇక చూడలేక మందిరం తలుపులు బార్లా తెరిచాడు.

"లోపలికి రండి, తడిసి చస్తారు!"

"అయ్యో, రూలండీ!" అన్నాడు పెదనాన్న.

"పెళ్లికి పిలిచానా? తలదాచుకోమన్నాను. తలదాచుకుంటూ పాస్టరుగారేం అడుగుతారో, వాళ్లేం జవాబు చెబుతారో మనకెందుకయ్యా?"

అలా పెళ్లి లోపలే జరిగిపోయింది. అందరూ కొత్త దంపతుల చుట్టూ మూగారు. పెదనాన్న మాత్రం ఒక మూల నిలబడి, తిరగబడిన గొడుగు సరిచేసుకుంటూ, భోజనాలకు పిలిచేదాకా బాధపడుతూనే ఉన్నాడు.

"ఇంత చక్కటి సందు! నాకెందుకు తట్టలేదూ?"