పన్నెండు ఇనుప ముక్కలకు బొట్టు

మొన్న దసరాకు నా పీహెచ్‌డీ మునిగిపోవాల్సింది! ఎవరి వల్లనో చెప్త గని, నవ్వకుండ్రి. నాకింకా మండుతనే ఉంది.

నేను జనగామ కాలేజీల కెమిస్ట్రీ చెప్త. యాసిడ్ ఇనుమును తినకుంట నిమ్మగడ్డి నూనె ఎంత ఆపుతదో చూసుడు నా రీసెర్చ్. "ఈసారి రీడింగులు సరిగ్గ రాకుంటె టాపిక్ మార్చుడే" అని మా గైడ్ మేడం ఖరాఖండిగ చెప్పింది. అందుకే పన్నెండు స్టీలు ముక్కలను గరుకు కాయితంతోని తళతళ రుద్ది, తూకం రాసుకొని, డబ్బాల పెట్టుకొని పండుగకు మా ఊరు గార్లకు పోయిన. కాలేజీల పెడితె ఎవరన్న ముట్టుకుంటరని భయం!

పండుగ పొద్దుగాల లేచి చూస్తె ఏముంది! ఆయుధపూజకు పెట్టిన కొడవలి, గొడ్డలి, ఇంటికాడి పాత బండి. వాటి పక్కన వరుసగ నా పన్నెండు ముక్కలు. ఒక్కోదానికి పసుపు, నడిమిట్ల కుంకుమ బొట్టు!

"అవ్వా! ఏం జేసినవే?"

నన్ను కన్నతల్లి నిమ్మళంగ అన్నది: "ఇనుమే గదా కొడుకా. నా బతుకంత వీటి మీదనే ఉన్నదంటివి. మొక్కొద్దా?"

ఒళ్లు మండింది. పండుగ పూట బువ్వ గూడ తినకుంట బస్సెక్కిన.

కాలేజీకొచ్చి అన్నీ కడిగి, మళ్ల రుద్ది, మళ్ల తూకమేసిన. ఆరు బీకర్లల ఉత్త యాసిడ్, ఆరింటిల యాసిడ్‌తోపాటు నూనె. పోస్తున్నంత సేపు ఫోన్ చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని అవ్వను తిడుతనే ఉన్న.

తెల్లారి తీసి తూకమేస్తె పన్నెండూ ఒక్క తీరే! ఉత్త యాసిడ్‌ల ముక్కలు గూడ అరగలే. మళ్ల ఫోన్ కొట్టిన. "నీ పసుపు ఇంకా వదల్లేదు! అంత ఖరాబ్ చేసినవ్!"

"చూసినవా," అన్నది అవ్వ సంబురంగ. "మొక్కితె ఇనుము గూడ సల్లగుంటది."

ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. గంతలోనే మేడం వచ్చింది. ఉత్త యాసిడ్ బీకర్ మీది గాలిని చేత్తోని ముక్కు దిక్కు విసురుకున్నది.

"ఏమయ్యా, దీంట్ల నిమ్మగడ్డి వాసనొస్తుందేంది?"

తిట్టుకుంట తిట్టుకుంట పన్నెండింటిల నూనె పోసిన!

మేడం తిట్టి తిట్టి ఇంకో వారం టైమిచ్చింది. అవ్వకు ఫోన్ జేసి, తప్పు నాదే అన్న.

"పోనీ తియ్ బిడ్డా. కొత్త ముక్కలు తే, బొట్టు పెడ్త."

"వాటికొద్దవ్వా. ఈసారి నా నోటికి పెట్టు."