అరవై అని వచ్చిన ఆర్డరు

కల్లూరులో మేము పొలాలకు పైపులైన్లు వేసే పని చేస్తాం. అంచనాలు కట్టేది నేను. ఆ లెక్కలు నాకెవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ వచ్చినవే. ఫోనులో సంతకం పెట్టించుకునే పద్ధతి తెద్దామని యజమానిని ఒప్పించిందీ నేనే. కాగితం రోజుల్లో సేల్సు కుర్రవాళ్లు ఒక సంతకం కోసం ఊరికి రెండుసార్లు పోయేవాళ్లు. ఈలోగా రైతు మనసు మార్చుకునేవాడు. ఇప్పుడు లింకు పంపితే గట్టు మీదే సంతకం అయిపోతుంది. నిజంగానే ఆర్డర్లు పెరిగాయి. యజమాని ఒక్క మాటే అన్నాడు: "తేడా వస్తే పూచీ నీదే."

పత్తికొండ దగ్గర ఒక టమాటా రైతు ఆర్డరు అట్లాగే వచ్చింది. బావి నుంచి తోట దాకా అరవై. పైపు, కూలి కలిపి ఒకే ధర కట్టి పంపాను. నేను టీ తాగేలోపే సంతకం వచ్చింది. సాయంత్రం సేల్సు అబ్బాయి నవ్వుతూ చెప్పాడు.

"పెద్దాయన శానా హుషారన్నా. నేను టేపు మర్చిపోతే, తాడు పట్టి బారలతో కొల్సినాడు. రెండు చేతులు సాపితే ఇంత పొడుగుండాడు."

"బారలా? నేను మీటర్లనుకుంటినే!"

"అరవై అనే గదన్నా నేను రాసింది."

బార అంటే దాదాపు రెండు మీటర్లు. అంటే నేను సగం పైపుకే ధర కట్టాను, దాని మీద సంతకం కూడా అయిపోయింది. కాగితమైతే బస్సులో వచ్చేలోగా మరోసారి చూసుకునేవాణ్ణి. ఇక్కడ ఆ వ్యవధే లేదు. రైతు పట్టుబడితే మిగతా పైపు ఖర్చు నా జీతంలోంచి పోవాలి, లేదా ఉద్యోగమే పోవాలి.

మరునాడు టేపు తీసుకొని పోయాను. బావి దగ్గర నేను చెప్పిందంతా విని రైతు తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఏమప్పా, సంతకం పెట్టమని తొందర చేసింది మీరే గదా. ఇప్పుడు కాదంటే ఎట్ల?"

"తప్పు మాదే పెద్దాయనా. ఒకసారి కొలుద్దాం."

కొలిచాం. నూరు మీటర్లు దాటింది. ఆయన టేపు వైపు, తోట వైపు చూశాడు. ఆ కొలతకు అయ్యే కొత్త ధర చెప్పాను.

"అంత ధర నేను పెట్టలేను. నీ తక్కువ ధరకు పట్టుకుంటే నిన్ను యాడికి తోలుతారో. రద్దు చేసుకో, పో."

రద్దుకు కూడా ఆయన సంతకం కావాలి. లింకు పంపాను. ఆయన వేలితో గీత గీశాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, అంతలోనే సిగ్నలు పోయింది.

"ఇంగ పోవచ్చు గదప్పా? నీళ్లు కట్టాల."

"ఒక్క నిమిషం పెద్దాయనా. అది ఆఫీసుకు చేరలేదు."

"చేరకపోతే?"

పాత సంతకమే నిలబడుతుందని ఆయనకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోను ఇమ్మని అడిగి, పైకెత్తి పట్టుకొని గట్టు వెంబడి నడిచాను. ఆయన పార భుజాన వేసుకొని నా వెనకే వచ్చాడు. రోడ్డు దగ్గరికి వచ్చాక చక్రం ఆగింది. చేరిందని చూపించింది. రెండుసార్లు చదివాకే ఆయన ఫోను ఆయనకిచ్చాను.