తూబా ఖానుమ్ బస్సుదారి

మా అమ్మమ్మ తూబా ఖానుమ్‌కి బస్సుల కోసం విడిగా గీసిన దారిలో కారు కనబడితే ఒళ్లు మండిపోతుంది. ఆ దారి ఆమెకి సొంత పెరడు. అందులోకి దూరిన కారల్లా పెరట్లో పడ్డ మేకే. గొడుగెత్తి అదిలించాల్సిందే. టెహ్రాన్‌లో వానలు తక్కువ, అయినా మా ఇంట్లో గొడుగులు నిలవవు.

సాయంత్రం రొట్టె తెస్తానని వెళ్తుంది. రొట్టెల బట్టీ వీధి చివర కూడలిలోనే. తిరిగొచ్చేసరికి రొట్టె చల్లారి చెక్కలా అయిపోతుంది.

"మళ్లీ కూడలిలో యుద్ధమా?" అంటుంది మా అమ్మ.

"అంత పొడుగు కారు, లోపల ఒకే ఒక్క మీసం! వెనక బస్సులో వంద మంది! చూస్తూ ఊరుకోమంటావా?"

ఒకసారి పోలీసు బండినే కొట్టింది. "అమ్మా, మేము పోలీసులం" అన్నాడు లోపలున్నతను.

"అయితే సిగ్గు రెండింతలుండాలి" అంది.

ఆవిడ అసలు స్వరూపం అక్క తరానే పెళ్లినాడు బయటపడింది. గులాబీలు కట్టిన కారు పెళ్లికొడుకు సీయామక్ నడుపుతున్నాడు. పక్కన మామయ్య. వెనక అక్క, నేను, పంచదార దిమ్మలు, గొడుగు, అమ్మమ్మ. రోడ్డంతా కార్లు గడ్డకట్టుకుపోయాయి.

అమ్మ ఫోన్ చేసింది. "ఎక్కడ చచ్చారే! పెళ్లి చదివే హాజీ ఆగా లేచి వెళ్లిపోతానంటున్నాడు. రేపటి నుంచి మొహర్రం. ఇవాళ తప్పితే రెండు నెలలు పెళ్లి మాటే లేదు!"

సీయామక్ పక్కకి చూశాడు. బస్సుదారి నున్నగా, ఖాళీగా మెరుస్తోంది. చక్రం తిప్పబోయాడు. గొడుగు పిడి వెనక నుంచి వచ్చి అతని మెడకి తగులుకుంది.

"అమ్మమ్మగారూ, ఖాళీగా ఉంది కదా!"

"ఖాళీ ఎక్కడిది నాయనా? వంద మంది వస్తున్నారు. నీకింకా కనబడలేదంతే."

"నా పెళ్లండీ!"

"అందుకే, దిగు!"

కారు మామయ్యకి వదిలేసి బస్సెక్కాం. ముందు మగవాళ్లు, వెనక ఆడవాళ్లు, మధ్యలో ఇనుపకడ్డీ.

"నా పెళ్లికూతురు!" అని అరిచాడు సీయామక్.

"ఎక్కడికీ పోదు. కడ్డీ పట్టుకో" అంది అమ్మమ్మ.

ఆడవాళ్లు నాలుకలాడించి పెళ్లికూత వేశారు. ఎవరో శాలువా తీసి కడ్డీకి ఇటూ అటూ ఇద్దరి తలల మీదా పట్టారు, ఇంకెవరో కాపురం తియ్యగా ఉండాలని దాని పైన పంచదార దిమ్మలు రుద్దారు. పక్కనున్న బట్టతలాయన మీదా పంచదార రాలింది.

"నాకు పెళ్లయి ముప్పై ఏళ్లయిందమ్మా!"

"అయితే మీకే తీపి ఎక్కువ కావాలి!"

అంతలో బస్సు టక్కున ఆగింది. అమ్మమ్మ కూడలే. బస్సుదారికి అడ్డంగా మూడు కార్లు.

"ఆవిడ ఇవాళ మనతో ఉంది. ఇక అక్కడెవరుంటారు?" అంది అమ్మమ్మని చూపిస్తూ, చేతికి కట్టు కట్టుకున్న ఒకావిడ.

మాట పూర్తయ్యేలోపే అమ్మమ్మ దిగిపోయింది. పట్టు దుస్తుల్లో, గొడుగుతో. బయట హారన్లు, తిట్లు, ఠప్పుమని ఒక చప్పుడు.

"మీ అమ్మమ్మా?" అని నన్నడిగింది కట్టు కట్టుకున్నావిడ. "మేము కొందరం ఈ బస్సులోనే ఆస్పత్రికెళ్లి రక్తం శుద్ధి చేయించుకుంటాం. ఆలస్యమైతే మా మంచం ఇంకొకరికి పోతుంది. ఒకనాడు బస్సు ఇక్కడే ఇరుక్కుపోతే ఏడ్చేశాను. రొట్టె కొనుక్కుని వెళ్తూ చూసింది. అప్పట్నుంచి మేము వెళ్లే సాయంత్రాలు మా బస్సు దాటేదాకా కదలదు."

వంకర గొడుగుతో అమ్మమ్మ తిరిగి ఎక్కింది. "నోరు మూసుకో అక్రమ్" అంది ఆవిడతో. "నేను రొట్టెకే వస్తాను."

హాజీ ఆగా చెప్పులేసుకుంటుండగా పట్టుకున్నాం. ఆయన మళ్లీ కూర్చుని అక్కని మొదటిసారి అడిగాడు, పెళ్లికి ఒప్పుకుంటావా అని. మూడోసారికి గాని పెళ్లికూతురు జవాబివ్వని ఆనవాయితీ కాబట్టి ఆడవాళ్లు, "పెళ్లికూతురు పూలు కోయడానికెళ్లింది!" అన్నారు. రెండోసారి అడిగితే, "గులాబీ నీళ్లు తేవడానికెళ్లింది!"

"ఎక్కడికీ వెళ్లలేదు హాజీ ఆగా! నాతో బస్సులోనే వచ్చింది, ఇదిగో! తొందరగా అడగండి!" అంది అమ్మమ్మ.

అక్క నవ్వుతూనే "ఊఁ" అంది.

భోజనాలన్నీ అయ్యాక మామయ్య పూలకారు చేరింది. అమ్మమ్మ ఆయన కోసం ఒక రొట్టె దాచి ఉంచింది. చల్లారి చెక్కలా ఉంది.