మేనత్త ముఖం

పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ నాకు చెన్నైలో జరిగింది. డిశ్చార్జ్ చేసే రోజున అక్కడి డైటీషియన్ నా ఫోన్ తీసుకుని అందులో ఒక నంబరు ఎక్కించింది.

"ఈవిడది కూడా అండమానే. రెండేళ్ల క్రితం ఇక్కడే చేయించుకున్నారు. మేం చెప్పాల్సింది మేం చెబుతాం గానీ, ఇంటికి వెళ్లాక మీకు మాకంటే ఈవిడతోనే ఎక్కువ పనుంటుంది" అంది.

ఆవిడ డిగ్లీపూర్‌లో బట్టలు కుడుతుంది. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఇరుగుపొరుగుతో బెంగాలీ మాట్లాడీ మాట్లాడీ మూడింటినీ కలిపేసింది. తెలుగు రాయడం రాదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లే పంపేది. అక్కడ నెట్‌వర్క్ సరిగా ఉండదు. రోజంతా ఏమీ రాదు, సాయంత్రానికి అయిదారు ఒక్కసారిగా వచ్చిపడతాయి. మాట వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. నేను ఆవిడను దీదీ అనేదాన్ని.

"సునో చెల్లీ, నీళ్లు గటగటా తాగకు. గుక్కగుక్కగా తాగు. అన్నంతో పాటు అసలు తాగకు. ముందు గుడ్డో చేపో తిను, అన్నం తర్వాత. నోట్లో గంజిలాగా అయ్యేదాకా నములు. చాలు అని కడుపు చెప్పగానే చెంచా కింద పెట్టెయ్, ప్లేట్లో ఎంత మిగిలినా సరే. విటమిన్ గోలీలు మానకు. వాంతులు ఆగకపోతే ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్, తర్వాత నాకు."

ఇంకో మెసేజ్‌లో బట్టల గురించి చెప్పింది. "పాతవి పారెయ్యకు. అన్నీ ఒకేసారి బిగించుకోకు. ఒక్క జాకెట్టు కుట్టించుకో, బస్, అది చాలు. వంటికీ టైం కావాలి, కంటికీ టైం కావాలి."

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఓడలాగే జెట్టీ దగ్గర టికెట్ కౌంటర్లో పనిచేస్తాను. అక్కడే డిగ్నాబాద్ పేటలో నాన్నతో, మామ్మతో ఉంటాను. మామ్మ అంటే నాన్నకు అమ్మ. అమ్మ నేను కాలేజీలో ఉండగానే పోయింది. చిన్నప్పటినుంచీ నేను లావే. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మామ్మ చెయ్యి నా నోటి దగ్గరే ఉండేది. బడి నుంచి రాగానే అన్నం, ఆడుకుని రాగానే అన్నం, ఏడిస్తే అన్నం. వద్దన్నా వినేది కాదు. నేను మింగే దాకా నా గొంతు వైపే చూసేది. అదంతా ముద్దు అనుకున్నాను. ఎవరి పోలిక అని ఎవరైనా అడిగితే నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ బుగ్గల్లో ఏ పోలికా కనబడేది కాదు.

నాలుగో నెలకు దీదీ చెప్పినట్టే జుట్టు రాలింది. పోర్ట్ బ్లెయిర్ ఉక్కపోతలో నాకు చలి వేసేది. కౌంటర్లో అందరూ ఫ్యాన్ కింద చెమటలు తుడుచుకుంటుంటే నేను స్వెట్టర్ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ రోజుల్లోనే దీదీ దగ్గర్నుంచి ఒక చిన్న మెసేజ్ వచ్చింది. అందులో మిషన్ చప్పుడు లేదు.

"ఇంకో బాత్, ఇంకో మాట చెల్లీ. అద్దంలో ఎవరో కనిపిస్తారు. నాకూ కనిపించారు. భయపడకు. పలకరించకు, అంతే."

నవ్వుకున్నాను. కొత్త ముఖం కొన్నాళ్లు పరాయిగా ఉంటుందని ఆవిడ తీరులో చెబుతోందనుకున్నాను.

ఒక వాన మధ్యాహ్నం, జంగ్లీఘాట్ వైపు ఉండే ముసలాయన ఒకడు కౌంటర్ దగ్గరకు వచ్చాడు. మా సొంతూరి మనిషే, ఒకప్పుడు సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాడు. నెలనెలా వస్తాడు, ఎప్పుడూ తలెత్తి చూడడు. ఆ రోజు చూశాడు. అద్దానికి అటువైపు ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వు… ఇక్కడెందుకున్నావమ్మా?" అన్నాడు.

"ఎక్కడికి టికెట్ తాతా?"

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తలమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. శవం ఎదురైతే మగవాళ్లు అలా తీస్తారు. టికెట్ తీసుకోకుండానే వానలోకి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. దవడ ఎముకలు తేలాయి. కళ్లు లోతుకు పోయి పెద్దవయ్యాయి. పైపెదవి కొంచెం ఎత్తుగా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ముఖానికి పద్దెనిమిదేళ్లు ఉండొచ్చు, నాకు ముప్పై ఏడు. నేను దాన్ని చూడటం కంటే అదే నన్ను చూస్తున్నట్టుగా అనిపించి లైటు ఆర్పేశాను.

అప్పుడే మామ్మ వంటింట్లోంచి పిలిచింది. నన్ను కాదు. మా ఇంట్లో ఎవరికీ లేని ఒక పేరు. వాకిట్లో కూర్చుని వల అల్లుతున్న నాన్న చేతిలో దారం జారిపోయింది.

"ఎవరు నాన్నా?" అన్నాను.

"ఏం లేదు. పెద్దదైపోయింది కదా, ఏదో అంటుంది" అన్నాడు నా ముఖం వైపు చూడకుండా. నెల రోజులుగా ఆయన నా ముఖం వైపు చూడటం లేదని అప్పుడే గమనించాను.

మామ్మకు కళ్ల ఆపరేషన్ అయి ఏడాదే అయింది. సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. మతిమరుపు కూడా లేదు. అందుకే ఆ పిలుపుకు నేను ఏ వంకా వెతుక్కోలేకపోయాను.

ఆ ఆదివారం మామ్మ సుర్మై చేప పులుసు వండింది. ఆఫీసు ఫోన్ వస్తే మాట్లాడుతూ సరిగా నమలకుండా ముక్క మింగాను. అది రొమ్ము మధ్యలో రాయిలాగా ఇరుక్కుంది. ఆపరేషన్ అయినవాళ్లకు అది మామూలే, తొందరపడితే జరుగుతుంది. నోరంతా నురగ ఊరింది. లేచి గోడకు ఆనుకుని, మా ఇంటి యాసలోనే అన్నాను:

"దిగట్నేదు మామ్మా."

మామ్మ చేతిలో గిన్నె కింద పడింది. పులుసు కాళ్ల మీద పడినా కదల్లేదు. నా నోటి మూల నురగ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా, అతి మామూలుగా, ఊరెళ్లి వచ్చిన మనిషితో అన్నట్టు అంది:

"వచ్చినావేటే?"

నాన్న లేచి వచ్చి నన్ను బయటికి తీసుకుపోయాడు. పెరట్లో కొబ్బరి చెట్టు కింద, ముక్క కిందకు జారి నాకు ఊపిరి ఆడాక చెప్పాడు.

"మొన్న మామ్మ పిలిచిన పేరు మీ మేనత్తది. నాకు అక్క. మేం ఓడలో ఇక్కడికొచ్చినప్పుడు నేను చిన్నోణ్ణి. జంగ్లీఘాట్‌లో రేకుల షెడ్డు. వచ్చిన మొదటి వానాకాలమే దానికి తిండి దిగడం మానేసింది. నమిలేది, నమిలేది, దిగట్నేదమ్మా అని బయటికి పోయి తెల్లగా నురగ ఉమ్మేది. ఎండల్లో కూడా చలి అని గోనె కప్పుకునేది. ఇప్పుడైతే ఆస్పత్రిలో ఏదో పేరు చెబుతారు. అప్పుడెవరికి తెలుసు? ఓడలో ఏదో పట్టుకుందన్నారు. మంత్రగాడు వచ్చి, పస్తు పెట్టండి, లోపలున్నది ఆకలికి ఓర్వలేక దిగిపోతుంది అన్నాడు."

"మామ్మ పెట్టలేదా?"

"పెట్టలేదు. కుండ దాచేసింది. ఆఖర్న అది గంజి అడిగింది. అయినా పెట్టలేదు. దాన్ని మట్టిలో పెట్టిన రోజు తర్వాత ఆ పేరు మా అమ్మ నోటెంట మొన్నే మళ్లీ వినడం."

"నేను అలాగే ఉన్నానా నాన్నా?"

"ఫొటో ఏటీ లేదు తల్లీ మనకాడ. ఉంటే చూపించేవాణ్ణి" అన్నాడు.

మర్నాటినుంచి మామ్మ చెయ్యి మళ్లీ నా నోటి దగ్గరకు వచ్చింది. నెయ్యి కలిపిన ముద్దలు, గుడ్డు నలిపిన ముద్దలు. డ్యూటీకి వెళ్లేటప్పుడు గుమ్మంలో అడ్డం నిలబడేది. "ఇదొక్కటి తినవే. ఈసారి కుండ దాయనే. నీ మీద ఒట్టు" అనేది. ఆ మాటకు కాదనలేక రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. రెండు రోజులు వాంతులు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే మళ్లీ ద్రవాహారానికి మారమని, ఎవరేం పెట్టినా తినొద్దని, తగ్గకపోతే వెంటనే ఇక్కడి ఆస్పత్రికి వెళ్లమని గట్టిగా చెప్పాడు. నేను గంజి నీళ్లు తాగుతుంటే మామ్మ గోడ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. అడిగిన గంజి దగ్గరే కదా మేనత్త ప్రాణం ఆగిపోయింది.

దీదీకి అంతా చెప్పాను. జవాబు సాయంత్రం దాకా రాలేదు. వచ్చింది ఒక్క మాట.

"వస్తున్నా."

డిగ్లీపూర్ నుంచి బస్సంటే మాటలు కాదు. తెల్లవారకముందే ఎక్కితే, అడవి దారిలో బళ్లన్నీ కలిసి కదిలే కాన్వాయ్ కోసం ఆగి, బస్సుతో సహా బార్జి మీద సముద్రపు పాయలు దాటి, పొద్దుగూకే వేళకు చేరాలి. ఆవిడను చూడటం నాకు అదే మొదటిసారి. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతుల మీద చర్మం మడతలు పడి వదులుగా వేలాడుతోంది, దాన్ని దాచుకోలేదు. కాళ్లు కడుక్కుని నేరుగా మామ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. సంచిలోంచి అరచేతిలో పట్టేంత స్టీలు గిన్నె తీసింది.

"ఆకలేస్తంది మామ్మగారూ. పెట్టండి" అంది.

మామ్మ అనుమానంగా చూస్తూనే అన్నం, చేప పెట్టింది. దీదీ ముక్కను వేళ్లతో నలిపి, గోరంత నోట్లో పెట్టుకుని నమలసాగింది. గదిలో ఆ నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. మామ్మ ముందుకు వంగి ఆవిడ గొంతు వైపే చూస్తోంది, చిన్నప్పుడు నా గొంతు వైపు చూసినట్టు.

"దిగుతున్నాదా?" అంది మామ్మ.

"దిగుతోంది."

ఇంకో గోరంత. "దిగుతున్నాదా?"

"దిగుతోంది మామ్మగారూ. చెయ్యి పెట్టి చూడండి."

మామ్మ చెయ్యి చాపి ఆవిడ రొమ్ము మధ్య అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరవకుండానే అడిగింది:

"నీ ఎనకాల ఎవరున్నారు?"

దీదీ తడుముకోలేదు. తిరిగి కూడా చూడలేదు.

"మా నాన్న. జ్వరంలో పోయాడు. ఆఖర్న అచ్చం ఇలాగే ఉండేవాడు, దవడలు పీక్కుపోయి. ఆపరేషన్ అయిన అయిదో నెల్లో వచ్చాడు. మా అమ్మ నన్ను చూసి తలుపేసుకుంది."

"ఏటంటాడు?"

"ఏమీ అనడు. నేను తింటుంటే చూస్తాడు. ఇంత తిన్నాక లేచిపోతాడు" అంటూ గిన్నె వంచి చూపించింది. సగం మిగిలి ఉంది. "ఇంతకంటే ఎక్కువ ముందర పెడితే తట్టుకోలేడు మామ్మగారూ. పోయినవాళ్లకు ఇంతే చాలు."

మామ్మ ఆ సగం గిన్నె వైపు చూసింది. అప్పుడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. అదే గిన్నె కడిగి, అడుగున కొంచెం పలచని పప్పు పోసింది. ఒక చెంచా తాగాను. ఆమె అరచెయ్యి నా రొమ్ము మీద ఉంది, తడిగా, చల్లగా.

"దిగుతున్నాదా?"

"దిగుతున్నాది మామ్మా."

నాలుగు చెంచాలకు నేను చాలన్నాను. మామ్మ చెయ్యి బిగుసుకుంది. దీదీ నా వైపు చూసి తల ఊపింది. మామ్మ మెల్లగా గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. నాకు తెలిసి నా జీవితంలో ఆమె నేను వదిలేసిన తిండిని వెనక్కి తీసుకోవడం అదే మొదలు.

రెండు రోజులుండి, నా జాకెట్లు రెండు బిగించి, దీదీ వెళ్లిపోయింది. బస్టాండులో నేను అడిగాను, మీ నాన్న సంగతి నిజమేనా, మామ్మ కోసం కల్పించారా అని. ఆవిడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నవ్వింది. "నేను మీ ఇంట్లో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు చెల్లీ" అని ఎక్కేసింది.

ఆ తర్వాత ఇంట్లో గొడవ లేదు. మామ్మ నా భోజనం తనే ఆ చిన్న గిన్నెలో పెడుతుంది. కందిపప్పు మెత్తగా ఉడికిందో లేదో వేళ్లతో నలిపి చూస్తుంది. నాన్న మళ్లీ నా ముఖంలోకి చూసి మాట్లాడుతున్నాడు. బరువు ఒకచోట ఆగాక ముఖం కొంచెం నిండింది. జెట్టీ దగ్గర ముసలాయన కూడా తలొంచుకునే టికెట్ తీసుకుపోతున్నాడు. అయినా దీపాలు పెట్టేవేళ మామ్మ ఒక్కోసారి ఆ పేరుతోనే పిలుస్తుంది. ఒకరోజు దగ్గరకు వెళ్లి, "నేను మామ్మా, నీ మనవరాల్ని" అన్నాను.

"తెలుసునే. నిన్నెవరు పిలిచినారు?" అంది నా భుజం మీదుగా చూస్తూ. "నీ ఎనకాలున్నదాన్ని పిలిచినాను."

నేను వెనక్కి తిరగలేదు.

ఈ మధ్య ఆ డైటీషియన్ నా నంబరు కూడా ఇస్తోంది. మొన్నామధ్య ఇక్కడి రంగత్ ఊరి నుంచి ఒకామె ఫోన్ చేసింది. వచ్చే నెలలో ఆపరేషన్. భయంగా ఉందంది, ఏమేం తెలుసుకోవాలని అడిగింది. నీళ్లు, నమలడం, గోలీలు, జుట్టు, అన్నీ చెప్పాను. చివర్లో, "మీ ఇంట్లో బాగా చిక్కిపోయి చనిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్లను ముందే అడిగి పెట్టుకో" అన్నాను. ఆమె నవ్వింది. "అదెందుకు దీదీ?" అంది. ఊరికే అడగమన్నాను.

వారం తర్వాత మెసేజ్ వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు.

"దీదీ, భోజనాల దగ్గర అడిగాను. అందరూ ఒక్కసారిగా తినడం ఆపేశారు. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. మా అమ్మ మాత్రం అప్పట్నుంచీ నా ముఖంలోకే చూస్తోంది. సోమవారం చెన్నై షిప్. ఏం చెయ్యమంటారు?"

ఓడ ప్రయాణానికి ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకోమన్నాను. ముఖం మారడం మొదటి రోజు నుంచీ ఆమె కూడా చూడాలి, అమ్మను వెంట తీసుకెళ్లమన్నాను.