నికెల్‌ను పట్టుకున్నది ఎవరు?

కొండాపూర్‌లో మాది కిరాయి ఇల్లు. బయట గుట్టలు పేల్చి రోడ్లు వేస్తున్నారు. పేలినప్పుడల్లా కిటికీ రెక్కలు అదిరేవి. ఆ సాయంత్రం నా బిడ్డ చపాతీ పిండి ముద్దకు చీపురు పుల్లలు గుచ్చుతూ, పీకుతూ కూర్చుంది. పుల్లల చివర నానిన శనగలు. ముద్ద నికెల్ అనే లోహమట, శనగలు దాన్ని పట్టుకున్నవట.

రసాయనశాస్త్రం చదివి మాదాపూర్‌లో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరింది. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. వాళ్లు తయారుచేస్తున్న ప్రోగ్రాంకు లోహం పేరు, దాన్ని పట్టుకున్నవాటి పేర్లు ఇస్తే అణువు ఆకారం కంప్యూటరే ముందుగా చెప్పాలి. దాన్ని మర్నాడు కొనేవాళ్లకు చూపించాలి.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ని. అణువుల సంగతి నాకేం తెలుసు? కానీ బిడ్డ అన్నం ముట్టకపోతే నాకు కాలు ఒకచోట నిలవదు.

"ఏందే, పిండంతా ఖరాబ్ చేస్తున్నవ్?"

"గిది చూడు నాయినా. నాలుగు క్లోరిన్లు పట్టుకుంటే నికెల్ గిట్ల." మూడు పుల్లల మీద నిలబెట్టింది, నాలుగోది పైకి. "సైనైడ్ పట్టు గట్టిది. అవి నాలుగు పట్టుకుంటే గిట్ల." అన్నీ పీకి, ముగ్గు చుక్కల్లా నలువైపులా చదునుగా గుచ్చింది. "మా ఆఫీసోళ్లు నాలుగు అని లెక్కపెట్టి ఊకున్నరు. పట్టుకున్నది ఏదో చూడలే. దేనికైనా మొదటి ఆకారమే వస్తున్నది."

"మీ సారుకు చెప్పినవా?"

"చెప్పిన. 'చూపించేది క్లోరిన్‌దే కదండి, రేపు గడవనివ్వండి' అన్నడు."

"మరి నోరు మూసుకో. నౌకరి పోతే ఎవడిస్తడు?"

బిడ్డ పుల్లలు పీకి మళ్లీ గుచ్చసాగింది. నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాను.

మర్నాడు ఆగలేక ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్‌లో కూర్చున్నాను. చెప్పిన చాయ్ పెట్టినట్టే చల్లారింది. మధ్యాహ్నం బిడ్డ బయటికొచ్చి నన్ను చూసి ఆగింది.

"నువ్వేంది ఈడ?"

"సైనైడ్‌ది అడిగిన్రా?"

"అడగలే. నేనే చెప్పిన."

తిట్టు నోటిదాకా వచ్చింది. మింగాను.

"కొనేటోళ్లు సరిచేసినంక పిలువున్రి అని పోయిన్రు. సారు మొహం మాడింది. సరిచేసుడు నా మీదనే పెట్టిండు. కాకుంటే ఇంటికే అన్నడు."

"అయితదా?"

"నికెల్‌కు అయితది. మిగతా లోహాలకు ఇంకా తెల్వదు."

ఆ మాట అని మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. ఇంటికి పోబుద్ధి కాక నేను అక్కడే కూర్చున్నాను.