గిద్దలూరు బజారులో ఆరిపోయిన ధూపం

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే యంత్రాలకు ఒక్కో దేశంలో ఒక్కో రకం భద్రతా నియమాలున్నాయి. సిలిండర్ల చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, గ్యాస్ కారితే అలారం ఎప్పుడు మోగాలి, కంచె మీద ఏ బొమ్మ పెట్టాలి, ఇవన్నీ అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండేటట్టు సరిచూసే పని ఒకటి నడుస్తోంది. అందులో మన వైపు నుంచి కాగితాలు చదివే కొద్దిమందిలో నేనొకదాన్ని. ఈమధ్య మా ముందుకొచ్చిన ప్రశ్న చిన్నదే. హెచ్చరిక బొమ్మ కింద ఆ ఊరి భాషలో ఒక వాక్యం తప్పనిసరి చేయాలా, బొమ్మ ఒక్కటే సరిపోతుందా? బొమ్మ చాలని నా అభిప్రాయం. ఊరికో వాక్యం రాసుకుంటూ పోతే ఇక అందరికీ ఒకే నియమం ఏముంటుందని నా వాదన. జవాబు పంపడానికి ఇంకా గడువుండగానే, గిద్దలూరులో ఒక సెల్‌టవర్‌కు ఇలాంటి యంత్రాన్ని ప్రయోగంగా పెట్టారని తెలిసింది. నాలుగు ఫొటోలు తెచ్చి, చూడండి, చిన్న పట్నంలో కూడా బొమ్మ సరిపోతోంది అని చూపిద్దామనుకున్నాను. అంటే జవాబు ముందే రాసిపెట్టుకుని పరిశీలనకు బయలుదేరానన్నమాట.

గురువారం పొద్దున్నే గుంటూరులో నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాను. నేరుగా గిద్దలూరులోనే దిగవచ్చు. కానీ బస్సులో వెళ్తే దారిలో కంభం చెరువు కనిపిస్తుందనుకుని మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగిపోయాను. కురిచేడు, దొనకొండ దాటేసరికే కిటికీ ఊచలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. స్టేషన్ నుంచి ఊళ్ళోకి షేర్ ఆటో ముప్పై రూపాయలు. నా భుజాన లాప్‌టాప్ సంచి తప్ప ఏమీ లేకపోవడం చూసి ఆటో అతను, "నీళ్ళు తెచ్చుకోలేదా అక్కా? గిద్దలూరు దాకా బస్సులో పెనం మీద కూర్చున్నట్టే ఉంటది" అని దుకాణం ముందు ఆపి మరీ పెద్ద సీసా కొనిపించాడు. బస్సుకు వంద లోపే అయింది, రెండు గంటలు పట్టింది. చెరువు మాత్రం కనిపించలేదు. అది చూడాలంటే కంభంలో దిగి ఆటోలో లోపలికి వెళ్ళాలట. తెలుసుకోకుండా వెళ్ళే నా అలవాటు ఆ రోజు మొదట అక్కడే బయటపడింది.

గిద్దలూరు బస్టాండు దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని, టవర్ ఉన్న భవనం వెతుక్కుంటూ బజారులోకి నడిచాను. భవనం యజమాని నారాయణరెడ్డి గారు కింద ఎరువుల దుకాణంలోనే ఉన్నారు. నిదానమైన మనిషి. మజ్జిగ ఇప్పించి, పక్క సందులోంచి వెనక పెరట్లోకి తీసుకెళ్ళారు. అక్కడ ఇనుప కంచె, లోపల సిలిండర్ల వరస, పక్కన బీరువా అంత యంత్రం. గేటు మీద ఎర్రటి గుండ్రంలో వెలుగుతున్న అగ్గిపుల్ల బొమ్మ, దాని మీద అడ్డగీత. కింద ఒక్క అక్షరమూ లేదు. నేను అడగకముందే ఆయన, "ఈ బొమ్మ అందరికీ తెలిసిపోయింది మేడం. ఈ పెరట్లో పిల్లకాయలు గూడా అగ్గిపెట్టె తీయరు" అన్నారు. నాకు కావలసిన మాట అదే. ఆ మాట ఫోన్లో టైపు చేసుకుని, గేటు లోపలికి వెళ్ళి సిలిండర్ల మూతల దగ్గర ఫొటోలు తీయడం మొదలుపెట్టాను.

సాంబ్రాణి వాసన వచ్చింది. ఎక్కడిదా అని తలెత్తితే, తెల్ల లుంగీ, తెల్ల చొక్కాలో ఒక ముసలాయన గేటు దాటి లోపలికి వచ్చేస్తున్నాడు. ఒక చేతిలో ఎర్రటి నిప్పులున్న ధూపపు గిన్నె, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. సిలిండర్లు ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాయి. హైడ్రోజన్‌కు వాసన ఉండదు, దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. అదంతా ఒక్కసారిగా తలలో తిరిగింది. సీసా మూత తీసి నీళ్ళన్నీ ఆ గిన్నెలో గుమ్మరించాను. బుస్సుమని బూడిద లేచి ఆయన చొక్కా మీద, గడ్డం మీద పడింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాగి, బజారుకంతా వినపడేటట్టు అరిచాను. కళ్ళు కనపడవా అన్నాను. అంత పెద్ద బొమ్మ పెడితే అర్థం కాలేదా అన్నాను. నీ నిప్పుతో ఇప్పుడు బజారంతా లేచిపోయేది అని కూడా అన్నాను. సందు మొదట్లో జనం పోగయ్యారు.

ఆయన గిన్నె వైపు ఒకసారి చూసుకున్నాడు. తరువాత బొమ్మ వైపు చూశాడు, నిజంగానే, మళ్ళీ చదువుతున్నవాడిలా.

"అగ్గిపుల్ల గీయొద్దనే కదమ్మా దాంట్లో ఉండేది" అన్నాడు. "నేనెప్పుడూ ఈడ గీయలే. ఇంటికాడే నిప్పులు చేసుకొని వస్తా. ఆరిపోతే టీ బంకు కాడికి పోయి తెచ్చుకుంటా గాని, ఈడ మాత్రం పుల్ల గీయలే."

నారాయణరెడ్డి గారు తల వంచుకుని, పిలిచింది తామేనని చెప్పారు. మస్తాన్ తాత ఎన్నో ఏళ్ళుగా ప్రతి గురువారం, శుక్రవారం బజారులో దుకాణాలన్నిటికీ ధూపం వేస్తాడట. హిందువులు, ముస్లింలు అని లేదు, బిడ్డలకు దిష్టి తగిలినా ఆయన ముందుకే తెస్తారట. కొత్త మిషన్ వచ్చిందని, దానికి కూడా వేసిపొమ్మని వీళ్ళే అడిగారు. బొమ్మలో ఉన్నదాన్ని ఆయన అక్షరాలా పాటించాడు. రెడ్డి గారు ఇదంతా చెబుతుండగానే తాత తడి గిన్నె పట్టుకుని సందులోంచి వెళ్ళిపోయాడు. ఆ నిప్పుల్ని ఆపాల్సిందే, అందులో నాకిప్పటికీ సందేహం లేదు. "తాతా, ఒక్క నిమిషం బయటే ఆగు" అంటే ఆగే మనిషి ఆయన. ఆ ఒక్క మాట నాకు తట్టలేదు.

రెడ్డి గారికి ప్రమాదం గురించి మొక్కుబడిగా వివరించి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బంకులో టీ అడిగాను. బంకు నడిపే రమణమ్మ గ్లాసు పెట్టింది గానీ నా మొహం చూడలేదు. ఇంకో గ్లాసు కడుగుతూ తనే మొదలుపెట్టింది. బట్టల దుకాణం వాళ్ళు తాతను ఇక రావద్దన్నారట. మందుల షాపాయన మెట్ల దగ్గరే ఆపేశాడట.

"నీ నిప్పుతో బజారు లేచిపోతదంట గదా తాతా, అని పంపించేసినాడు. పెద్ద మేడం చెప్పినాక ఎవరు రానిస్తారు? ఈ రెండు దినాలు తిరిగితేనే ఆయనకు వారమంతా గడిచేది."

టీ అక్కడే వదిలేసి లేచాను. తాత మసీదు పక్క కుళాయి దగ్గర కనిపించాడు, గిన్నెలోని బూడిద బురదను వేళ్ళతో గోకి కడుగుతున్నాడు. తప్పయిపోయింది తాతా అన్నాను. ఇంకేవో కూడా అన్నాను, సగం ఏడుపులో, సగం ఇంగ్లీషులో. ఆయన గిన్నె బోర్లించి పెట్టాడు.

"నీ పని నువ్వు చేసినావులే బిడ్డా. ఒక్కటి చెప్పు. యాడ దాకా రావచ్చు, యాడ ఆగాల?"

ఈ ప్రశ్న మీద మేం ఎన్ని సమావేశాలు నడిపామో నాకే గుర్తులేదు. సిలిండర్ల నుంచి ఎంత దూరమన్న దాని మీద దేశానికో లెక్క, లెక్కకో వివరణ. వాటిలో ఒక్కటీ ఆయనకు పనికిరాదు. చివరికి వెంట తీసుకెళ్ళి సందు మొదలు చూపించాను. ఇక్కడ ఆగిపో తాతా, నిప్పుతో సందులోకి రావద్దు, రోడ్డు మీది దుకాణాలకు ఏ భయమూ లేదు అని చెప్పాను. "అంతేనా?" అన్నాడు. అంతే.

తరువాత ఆయనతో కలిసి దుకాణం దుకాణం తిరిగాను. విదేశీయుల ముందు మాట్లాడటం కంటే అది కష్టంగా ఉంది. ఇందాక నేనన్నది తప్పు, మీ దుకాణంలో ఆయన ధూపం వేసుకోవచ్చు అని ప్రతి గుమ్మం ముందూ చెప్పాను. బట్టల దుకాణం వాళ్ళు సరేనన్నారు. మందుల షాపాయన మాత్రం ఒప్పుకోలేదు. "లేచిపోతదని చెప్పినదీ మీరే, కాదనేదీ మీరే. ఏది నమ్మాల మేడం?" అన్నాడు. తాత నా మోచెయ్యి తట్టి, పోదాం పద అన్నట్టు సైగ చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను అని ఊరికే అంటుంటాం కదా, ఆ మెట్ల మీద నాకు ఆ మాట అర్థమైంది.

సాయంత్రం అయిదు దాటాక మార్కాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మస్తాన్ తాత కొత్త నిప్పులతో బస్టాండుకు వచ్చాడు. నాకు ధూపం వేయడానికట. నేను తల బయటికి వంచాను. ఆయన వెంటనే వేయలేదు. గిన్నెను వెనక్కి, దూరంగా పట్టుకుని, "ఈడ పర్వాలేదా బిడ్డా?" అని అడిగాడు. పర్వాలేదని చెప్పాక నెమలీకలతో పొగను నా తల మీదికి తోసి, ఏదో చదివి, నవ్వి వెళ్ళిపోయాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూశాను. దశాబ్దాలుగా చనువుగా నడిచి వెళ్ళిన బజారులో, ఆయన ప్రతి గుమ్మం ముందూ ఆగుతున్నాడు. ఏదో అడుగుతున్నాడు. లోపలివాళ్ళు తలూపాకే మెట్టెక్కుతున్నాడు.

రాసిపెట్టుకున్న జవాబును బస్సులోనే కొట్టేశాను. బొమ్మ చాలదని, ఆ ఊరి మాటలో ఒక వాక్యం ఉండాలని, అక్కడ నిప్పు ఏయే చేతుల్లో తిరుగుతుందో ముందు అడిగి ఆ వాక్యం రాయాలని పంపాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకున్నా నా మనసు తేలికపడదు. ప్రపంచంలో అందరికీ ఒకే బొమ్మ అర్థం కావాలని తిరిగిన నేను, ఎదురుగా ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాను. నియమాన్ని సరిచేయవచ్చు. ఆ గుమ్మాల ముందు ఆయన అడగాల్సిన అవసరం లేకుండా చేయడం నా చేతిలో లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా దారి పొడవునా ఎండ మాడ్చేస్తుంది, పెద్ద నీళ్ళ సీసా తప్పకుండా పెట్టుకోండి. తాగడానికి.